పొద్దు పొడిచే నలభై నిమిషాలు: మారే వెలుతురులో ప్రకృతి ఫొటో, దాని ఎడిటింగ్

శీతాకాలంలో పాడేరు దగ్గరి వంజంగి కొండకి జనం తెల్లవారకముందే చేరుకునేది కింద లోయలో పరుచుకునే మబ్బుల కోసం. అందరి చేతుల్లో ఫోన్లు, కొందరి భుజాలకి కెమెరాలు. ఆ ఉదయం తీసిన ఫొటోలు మధ్యాహ్నానికల్లా ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిని తీసిన సమయం ప్రకారం వరసగా పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. పొద్దు పొడవక ముందు తీసినవీ, పొడుస్తుండగా తీసినవీ, బాగా పొద్దెక్కాక తీసినవీ చాలావరకు ఒకే వెలుతురులో తీసినట్టు ఉంటాయి. కొండ మీద నిలబడ్డవాళ్ల కళ్ల ముందు మాత్రం ఆ గంటలో నీలం బూడిదరంగైంది, బూడిదలో గులాబీ పుట్టింది, గులాబీ నారింజగా మారి చివరికి తెల్లటి ఎండలో కలిసిపోయింది.

మార్పును చూడ్డానికే వెళ్లినా ఆ మార్పు ఫొటోలో పడలేదు. ఇది తీసినవాళ్ల చేతకానితనం కాదు, కెమెరాను అలా తయారుచేశారు. ఆటో ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుతురు తీసుకోవాలో కెమెరా తనే నిర్ణయించుకోవడం, ఏ దృశ్యాన్నైనా ఒక మధ్యస్థమైన బూడిదరంగు స్థాయికి తెస్తుంది. చీకటిగా ఉంటే పెంచుతుంది, వెలుగు ఎక్కువైతే తగ్గిస్తుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ వెలుతురులో ఉన్న రంగును కనిపెట్టి, దాన్ని తీసేసి, తెలుపును తెలుపుగా చూపించాలని ప్రయత్నిస్తుంది. ఇంటికొచ్చాక ఎడిటింగ్ యాప్‌లో ఆటో బటన్ నొక్కితే అదే పని మూడోసారి జరుగుతుంది. పాస్‌పోర్టు ఫొటోకి, కల్యాణమండపంలో తీసే ఫొటోలకి ఈ గుణం చాలా అవసరం. ప్రకృతి దృశ్యానికి మాత్రం అది నష్టం చేస్తుంది, ఎందుకంటే అక్కడ వెలుతురే అసలు విషయం. కొండ రేపూ అక్కడే ఉంటుంది. ఈ రోజు ఆరు గంటల ఇరవై నిమిషాలకి దాని మీద పడ్డ రంగు మళ్లీ రాదు.

గోల్డెన్ అవర్ మన దగ్గర గంట కాదు

ఫొటోగ్రఫీ పాఠాల్లో గోల్డెన్ అవర్ అనే మాట తరచుగా వినిపిస్తుంది. సూర్యుడు దిగంతానికి 4 డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి 6 డిగ్రీల పైకి వచ్చేదాకా ఉండే సమయాన్ని సాధారణంగా అలా లెక్కిస్తారు. ఆ పాఠాల్లో ఎక్కువ భాగం యూరప్ నుంచో ఉత్తర అమెరికా నుంచో వచ్చినవి. మార్చి, సెప్టెంబరు నెలల్లో లండన్‌లో సూర్యుడు ఆ 10 డిగ్రీలు ఎక్కడానికి సుమారు 64 నిమిషాలు పడుతుంది. అక్కడ గంట అనే మాట సరిపోతుంది. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర్లో ఉన్న గండికోటలో అదే నెలల్లో దానికి 41 నిమిషాలు చాలు. భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు దిగంతం నుంచి నిటారుగా లేస్తాడు, దూరమయ్యేకొద్దీ ఏటవాలుగా జారుతూ లేస్తాడు. స్టాక్‌హోమ్‌లో డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 8 డిగ్రీల ఎత్తుకి చేరడు. రోజంతా పక్క నుంచి పడే వెచ్చటి వెలుతురే. అలాంటి చోట రాసిన సలహా ప్రకారం నిదానంగా ట్రైపాడ్ వేసి, ఫ్రేమ్ సరిచూసుకుని, ఫిల్టర్లు మార్చుకుంటూ కూర్చుంటే మన దగ్గర పొద్దు దాటిపోతుంది.

నేల మీద పడే వెలుతురును కొలిచే లక్స్ లెక్కల్లో చూస్తే ఈ వేగం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పుడు నిర్మలమైన ఆకాశం నుంచి నేల మీద పడే వెలుతురు సుమారు 3.4 లక్స్. సూర్యోదయానికి అది 400 లక్స్ దాకా వస్తుంది. అంటే వంద రెట్లు దాటిన పెరుగుదల, ఫొటోగ్రఫీ భాషలో దాదాపు ఏడు స్టాప్‌లు. ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెట్టింపవుతుంది. గండికోట అక్షాంశంలో ఈ ఏడు స్టాప్‌లూ 21, 22 నిమిషాల్లో గడిచిపోతాయి. మూడు నిమిషాలకోసారి వెలుతురు రెట్టింపవుతోందన్నమాట. ఒక ఎక్స్‌పోజర్ పెట్టి, పక్కనున్నవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసరికి ఆ సెట్టింగ్ పాతబడిపోతుంది.

మన ప్రాంతానికే చెందిన మరో సంగతి కూడా ఉంది. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో. ఆ మధ్యాహ్నాల్లో నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే పడదు. నీడ లేకపోతే నేల ఎత్తుపల్లాలు ఫొటోలో కనిపించవు, కొండ కూడా అట్టముక్కలా చదునుగా తేలుతుంది. వేసవిలో పది గంటలు దాటాక తీసిన ప్రకృతి ఫొటోలు ఎంత ఎడిట్ చేసినా నిలబడకపోవడానికి మూలం ఇదే. కాంట్రాస్ట్ స్లైడర్ పెంచితే నలుపు నల్లబడుతుంది, తెలుపు తెల్లబడుతుంది. లేని నీడ మాత్రం పుట్టదు.

సూర్యోదయం జరిగే చోటు కూడా స్థిరంగా ఉండదు. 15 డిగ్రీల అక్షాంశంలో ఏడాది పొడవునా అది సరైన తూర్పుకి ఇరువైపులా సుమారు 24 డిగ్రీల మేర కదులుతుంది. డిసెంబరులో లోయ గోడకి వాలుగా తగిలి ప్రతి పగులునూ చూపించిన ఎండ, జూన్‌లో అదే గోడకి ఎదురుగా తగిలి దాన్ని చప్పగా చేయొచ్చు. సూర్యుడి దిశ చూపించే యాప్‌లు ఫోన్లో ఉచితంగా దొరుకుతున్నాయి. ముందురోజు సాయంత్రమే ఆ చోటికి వెళ్లి, రేపు పొద్దున ఎండ మొదట ఎక్కడ పడుతుందో చూసుకుని, ఫ్రేమ్ నిర్ణయించుకోవడం ఈ కొద్దిపాటి వ్యవధిలో పనిచేయడానికి అత్యంత నమ్మకమైన పద్ధతి. చీకట్లో ఫ్రేమ్ వెతుక్కునే టెన్షన్ తప్పుతుంది, దృష్టంతా వెలుతురు మీదే పెట్టొచ్చు.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

నడినెత్తిన ఉన్న సూర్యుడి వెలుగు దాటి వచ్చే గాలి మందాన్ని ఒకటి అనుకుంటే, 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు అది రెండు, 10 డిగ్రీల ఎత్తులో ఐదున్నర, సరిగ్గా దిగంతం మీద ఉన్నప్పుడు 38. గాలిలోని అణువులు నీలి వెలుగును ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి. అంత మందం దాటేసరికి నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. చెదిరిన ఆ నీలం మాయమైపోదు, ఆకాశమంతా నిండుతుంది.

ఫొటో తీసేవాళ్లకి ఇక్కడ అవసరమైన విషయం ఒకటుంది. పొద్దున్నే ఒక దృశ్యం మీద ఒక వెలుతురు కాదు, రెండు పడుతుంటాయి. గండికోట లోయలో తూర్పుకి ముఖం ఉన్న గోడ పైఅంచుకి మొదటి ఎండ తగిలినప్పుడు ఆ ఎర్రరాయి మండుతున్నట్టుంటుంది. అదే క్షణంలో కింద పెన్నా నది, దాని ఒడ్డున ఉన్న బండలు ఇంకా నీడలోనే ఉంటాయి. ఆ నీడని వెలిగించేది సూర్యుడు కాదు, నీలి ఆకాశం. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తక్కువైతే వెచ్చగా, ఎక్కువైతే నీలంగా ఉన్నట్టు. ఎండ పడ్డ రాయి మీద వెలుతురు రంగు 3,000 కెల్విన్ల దగ్గర ఉంటే, నీడలో అది 9,000 దాటి ఉండొచ్చు. కంటికి ఈ రెండూ ఒకేసారి అందంగా కనిపిస్తాయి, ఎందుకంటే మనం చూపు తిప్పిన చోటికల్లా కన్ను కొంత సర్దుకుంటుంది. కెమెరా ఫ్రేమ్ మొత్తానికీ ఒకే వైట్ బ్యాలెన్స్ వాడుతుంది. ఆటోలో పెడితే ఆ రెండింటి మధ్య ఎక్కడో ఆగి, ఎండలోని వెచ్చదనాన్నీ నీడలోని చల్లదనాన్నీ రెంటినీ పలచన చేస్తుంది.

అందుకే చాలామంది అనుభవజ్ఞులు సూర్యోదయం మొదలు నుంచి చివరిదాకా వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్‌లో, అంటే 5,200 నుంచి 5,500 కెల్విన్ల మధ్య, కదలకుండా ఉంచుతారు. సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే రా ఫైల్‌లో ఎలాగూ తర్వాత మార్చుకోవచ్చు కదా అన్న వాదన సరైనదే కానీ, దానికి రెండు జవాబులున్నాయి. వెనక స్క్రీన్ మీద కనిపించే రంగును బట్టే ఫొటోగ్రాఫర్ అక్కడికక్కడ నిర్ణయాలు తీసుకుంటాడు. స్క్రీన్ ప్రతి ఫ్రేమ్‌కీ వేరే రంగు చూపిస్తే ఏది మారింది, వెలుతురా కెమెరానా అన్నది తెలియదు. ఇక ఎడిటింగ్ దగ్గర, అన్ని ఫ్రేములకీ ఒకే మొదలు ఉంటే నీలం నుంచి నారింజకి జరిగిన ప్రయాణం యథాతథంగా కళ్ల ముందు ఉంటుంది. ఎక్కడి నుంచి ఎంత జరపాలో నిర్ణయించడానికి అదే కొలబద్ద.

ఎక్స్‌పోజర్: ఎరుపు ముందు నిండుతుంది

ఇప్పటి మంచి కెమెరా సెన్సర్లు తక్కువ ఐఎస్ఓలో (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) సుమారు 14 స్టాప్‌ల తేడాని ఒకే ఫ్రేమ్‌లో పట్టగలవు. పదిహేనేళ్ల కిందట మూడు ఫ్రేములు తీసి కలపాల్సిన దృశ్యాలు చాలావరకు ఇప్పుడు ఒక్క రా ఫైల్‌లో ఇముడుతున్నాయి. షరతు ఒక్కటే, వెలుగు భాగాలు తెల్లగా మాడిపోకూడదు. నీడలోంచి వివరాలు బయటికి తీయొచ్చు. మాడిన చోట తీయడానికి ఏమీ ఉండదు.

సూర్యోదయంలో ఈ మాడిపోవడం చాలామంది గమనించని దారిలో వస్తుంది. ఆకాశం నారింజరంగులో ఉన్నప్పుడు సెన్సర్ విడిగా కొలిచే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లలో ఎరుపు మిగతా రెంటికన్నా చాలా ముందు నిండిపోతుంది. ఫ్రేమ్‌లో ఏ స్థాయి వెలుగు ఎంత ఉందో చూపించే గ్రాఫే హిస్టోగ్రామ్. మొత్తం వెలుగు చూపించే మామూలు హిస్టోగ్రామ్‌లో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఎరుపు అంచుకి కొట్టుకుని ఆగిపోయింది, ఆకుపచ్చ ఇంకా పెరుగుతోంది. ఆ రెంటి నిష్పత్తి మారడంతో సూర్యుడి చుట్టూ ఉండాల్సిన నారింజ పసుపుగా మారి, ఒక గట్టి అంచుతో వలయంలా నిలబడుతుంది. ఎన్నో సూర్యోదయ ఫొటోల్లో కనిపించే ఆ నిమ్మపండు పసుపు ఆకాశంలో ఉన్నది కాదు, ఎరుపు నిండిపోవడం వల్ల వచ్చింది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గీత కుడి అంచుకి తగలకుండా చూసుకుంటే చాలు. ఆ హిస్టోగ్రామ్ కూడా కెమెరా లోపల తయారుచేసిన జేపెగ్‌ని బట్టి వచ్చేదే కాబట్టి రా ఫైల్‌లో కొంచెం అదనపు చోటు ఉంటుంది. అయినా ఎర్రటి పొద్దులో ఆ చోటుని నమ్ముకోకపోవడమే మంచిది.

సూర్యుడే ఫ్రేమ్‌లో ఉంటే ఆ చిన్న వలయం మాడడం సహజం, దాన్ని కాపాడాలని మొత్తం ఫొటోని చీకటి చేయనక్కర్లేదు. చూసుకోవాల్సింది దాని చుట్టూ ఉన్న ఆకాశాన్ని.

పొద్దున్నే తీసేటప్పుడు అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్య, ఐఎస్ఓ 100లో స్థిరంగా ఉంచి, షట్టర్ స్పీడ్ ఒక్కటే మార్చుకుంటూ పోవడం తేలికైన పద్ధతి. మూడు నిమిషాలకో స్టాప్ అన్న లెక్క తెలిసినవాళ్ల వేలు ఆ డయల్ మీదే ఉంటుంది. ఆకాశానికీ నేలకీ తేడా మరీ ఎక్కువైతే రెండు స్టాప్‌ల తేడాతో మూడు ఫ్రేములు బ్రాకెట్ చేసి దాచుకోవచ్చు. ఐతే గాలికి గడ్డి ఊగుతున్నా, మంచు కదులుతున్నా ఆ మూడింటినీ కలిపినప్పుడు అంచులు రెండుగా కనిపించే ప్రమాదముంది. వంజంగి లాంటి చోట మబ్బు ఒక్క క్షణం నిలవదు. అక్కడ కలిపిన మూడు ఫ్రేముల కన్నా జాగ్రత్తగా తీసిన ఒక్క ఫ్రేమే శుభ్రంగా ఉంటుంది.

మారే వెలుతురంటే పొద్దు ఒక్కటే కాదు. జూలై, ఆగస్టు నెలల్లో నల్లమల మీద మబ్బుల సందుల్లోంచి ఎండ ఒక పట్టీలా దిగి, ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదికి నడుస్తూ పోతుంది. మిగతా అడవంతా నీడలో ఉంటుంది. ఆ పట్టీ ఎక్కడో ఒక మూల ఉన్నప్పుడు కెమెరా ఆటోలో ఉంటే, నీడలో ఉన్న అడవిని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ఎండ పడ్డ ముక్క వెలిసిపోతుంది. ఇక్కడ మాన్యువల్ మోడ్ పెద్ద వరం. ఎండ పట్టీ ఎక్కడున్నా దాని మీదే ఒకసారి కొలత తీసుకుని, ఆ సెట్టింగ్‌ని లాక్ చేసి, ఫ్రేమ్‌ని కావాల్సిన కొండ మీద నిలిపి, పట్టీ అక్కడికి నడిచి వచ్చేదాకా ఎదురుచూడాలి. వచ్చిన క్షణంలో మార్చాల్సింది ఏమీ ఉండదు, నొక్కడమే. చుట్టూ ఉన్న అడవి ఫొటోలో చీకటిగా వస్తుంది. అలా రావాలి కూడా, కంటికి ఎండ ముక్క అంత కాంతిగా కనిపించింది ఆ చీకటి పక్కన ఉండబట్టే.

ఫోన్ కెమెరాతో తీసేవాళ్లకి ఇందులో చాలా భాగం అందుబాటులోనే ఉంది. ఫోన్లు ఒక్కసారి నొక్కితే తక్కువ ఎక్స్‌పోజర్‌తో చాలా ఫ్రేములు తీసి, కలిపి, నీడల్ని పైకి లేపి, ఆకాశాన్ని కిందికి దించి చూపిస్తాయి. ఫలితం శుభ్రంగా ఉంటుంది కానీ, ఎక్కడ తీసినా ఒకే పాళ్లలో ఉంటుంది. స్క్రీన్ మీద వెలుగు భాగాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే ఆకాశంలో రంగు నిలుస్తుంది. ప్రో మోడ్ ఉన్న ఫోన్లలో వైట్ బ్యాలెన్స్ స్థిరంగా పెట్టి రా ఫైల్ కూడా తీయొచ్చు.

కంప్యూటర్ ముందు

రా ఫైల్‌ని ఎందుకు అంతగా పట్టుబడతారో ఒక లెక్కతో అర్థమవుతుంది. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకి 16,384 మెట్లుంటాయి. సెన్సర్ వెలుతురును ఉన్నదున్నట్టు లెక్కపెడుతుంది కాబట్టి వీటిలో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా వెలుగైన ఒక్క స్టాప్‌కే పోతాయి. దాని కింది స్టాప్‌కి 4,096. అలా దిగుతూ ఎనిమిదో స్టాప్‌కి వచ్చేసరికి 64 మెట్లే మిగులుతాయి. నీడల్ని బాగా పైకి లేపినప్పుడు గింజల్లాంటి నాయిస్ రావడానికి, రంగు మురికిగా మారడానికి కారణం అక్కడ సమాచారమే తక్కువ ఉండటం. 8 బిట్ల జేపెగ్‌లో మొత్తం ఉన్నవే 256 మెట్లు. నీలం నుంచి నారింజకి మెల్లగా మారే ఆకాశాన్ని అందులో సాగదీస్తే చారలు పడతాయి.

ఎడిటింగ్ మొదలుపెట్టేటప్పుడు ముందు చేయాల్సింది ఆటో బటన్‌కి దూరంగా ఉండటం. లైట్‌రూమ్ అయినా, క్యాప్చర్ వన్ అయినా, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అయినా వరస ఒక్కటే. వైట్ బ్యాలెన్స్ మొదట, మొత్తం ఎక్స్‌పోజర్ తర్వాత, ఆపైన వెలుగు భాగాలు, నీడలు. అదయ్యాకే ఫొటోలో ఒక్కో చోటుని విడిగా ఎంచి మార్చే మాస్క్‌లు, చివరగా రంగు. రంగు నుంచి మొదలుపెట్టేవాళ్లు తర్వాత వెలుగు మార్చిన ప్రతిసారీ రంగు కూడా మారిపోవడంతో చుట్టూ తిరుగుతూ ఉండిపోతారు.

రెండు వెలుతురుల సమస్యకి పరిష్కారం మాస్క్‌ల దగ్గరే ఉంది. ఫొటో మొత్తాన్ని డేలైట్‌లోనే ఉంచి, ఎండ పడ్డ గోడకి ఒక మాస్క్, నీడలో ఉన్న లోయకి ఒక మాస్క్ వేసి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా జరపాలి. ఇక్కడ ఒక ఆకర్షణ ఉంటుంది, నీడలోని నీలాన్ని పూర్తిగా తీసేసి అక్కడా వెచ్చదనం నింపాలనిపిస్తుంది. అలా చేసిన మరుక్షణం ఫొటోలో పొద్దు తెలియకుండా పోతుంది. నీడ చల్లగా ఉంటేనే ఎండ వెచ్చగా కనిపిస్తుంది. ఎండ పడ్డ చోట వెచ్చదనం పెంచకుండా, నీడలో నీలాన్ని కాస్త ఉంచేస్తే చాలు, గోడ దానంతటదే వెలుగుతుంది.

నీడల స్లైడర్ విషయంలో కూడా ఇదే. సెన్సర్ ఇచ్చిన సామర్థ్యం అంతా వాడుకోవాలని నీడలన్నీ పైకి లేపితే ముందున్న బండలు, వెనకున్న సూర్యుడు రెండూ సమానంగా వెలుగుతాయి. సూర్యుడు బండకి వెనక ఉంటే మనకి ఎదురుగా ఉన్న బండ ముఖం నల్లగానే ఉండాలి. వెలుతురు ఏ దిక్కు నుంచి వస్తోందో ఫొటోలో కనిపించకపోతే చూసేవాడి కన్ను దాన్ని నమ్మదు, కారణం చెప్పలేకపోయినా.

నీళ్లున్న ఫొటోలో ఈ అపనమ్మకం ఇంకా త్వరగా పుడుతుంది. పాపికొండల మధ్య గోదావరిలోనో, పులికాట్ సరస్సులోనో కనిపించే ప్రతిబింబం, అది ప్రతిబింబించే ఆకాశ భాగం కన్నా ఎప్పుడూ మసకగానే ఉంటుంది. నీటి మీద పడ్డ వెలుగులో కొంత లోపలికి పోతుంది. నిటారుగా పడితే తిరిగి వచ్చేది నూటికి రెండు వంతులే, వాలుగా చూసేకొద్దీ అది పెరుగుతుంది. ఎడిటింగ్‌లో ఆకాశాన్ని గ్రేడియంట్ మాస్క్‌తో బాగా చీకటి చేసి నీటిని అలాగే వదిలేస్తే, నీళ్లు ఆకాశం కన్నా వెలుగుగా తేలతాయి. భౌతికశాస్త్రం తెలియనివాళ్లకి కూడా అది ఎక్కడో తేడాగా ఉందనిపిస్తుంది. ఆకాశం ఎంత దించితే నీటినీ దాదాపు అంత దించాలి.

మబ్బు, మంచు ఉన్న దృశ్యాల్లో డీహేజ్ అనే పనిముట్టుకి పని ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. 2015లో అడోబ్ దాన్ని తెచ్చాక ప్రకృతి ఫొటోల తీరే మారింది. వానాకాలం దూరపు కొండల మీద ఉండే పలచని తెరని తీయడానికి కొద్దిగా వాడితే మేలే. కానీ లంబసింగి మంచులో డీహేజ్ పెంచడమంటే అక్కడికి వెళ్లిన కారణాన్నే తుడిచేయడం. ముందు చెట్టు నల్లగా, దాని వెనక చెట్టు కొంత తేలికగా, ఆ వెనకది ఇంకా తేలికగా కనిపించడం వల్లే మంచులో దూరం తెలుస్తుంది. ఆ అంచెలన్నిటినీ ఒకే నలుపుకి తెస్తే అడవి గోడలా నిలబడుతుంది. అవసరమైతే ముందున్న చెట్టు ఒక్కదానికే మాస్క్ వేసి నలుపు పెంచాలి, వెనకవాటిని ముట్టుకోకూడదు.

ఆకాశాన్ని ఒక్క క్లిక్‌తో ఎంచుకునే మాస్క్‌లు 2021 నుంచి లైట్‌రూమ్‌లో వచ్చాయి. పని చాలా తగ్గింది, కాదనలేం. వాటి బలహీనత కొండ గీత దగ్గర. ఆకాశం బాగా చీకటి చేసినప్పుడు కొండ అంచున చెట్ల ఆకుల మధ్య సన్నటి తెల్లని గీత మిగిలిపోతుంది. ఫోన్ స్క్రీన్ మీద కనిపించదు, పెద్దగా ప్రింటు తీస్తే అదే ముందు కనిపిస్తుంది. వంద శాతం జూమ్‌లో ఆ గీత పొడవునా ఒకసారి చూసుకోవడం తప్పదు.

ఎక్కడిదాకా మార్చవచ్చు

ఎడిటింగ్ అంటేనే అబద్ధం అనేవాళ్లున్నారు. ఈ వాదనకి ఫొటోగ్రఫీ చరిత్రలో ఆధారం దొరకదు. 1850ల గాజుపలకలు నీలానికి మరీ ఎక్కువగా స్పందించేవి, దాంతో ఆకాశం ఎప్పుడూ తెల్లగా మాడిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే అనే ఫొటోగ్రాఫర్ ఆ రోజుల్లోనే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఒక నెగెటివ్ వాడి రెంటినీ ఒకే ప్రింటుగా కలిపాడు. 1941 నవంబరులో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసినప్పుడు లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో అతనికి గుర్తుండటంతో దాని నుంచి ఎక్స్‌పోజర్ లెక్కగట్టి ఒక ఫ్రేమ్ తీశాడు. రెండోది తీయబోయేలోపే సమాధుల శిలువల మీద ఉన్న ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్ నుంచి అతను దశాబ్దాల పాటు ప్రింట్లు వేశాడు. మొదటివాటిలో మబ్బులతో బూడిదరంగులో ఉన్న ఆకాశం తర్వాతి ప్రింట్లలో దాదాపు నల్లబడింది. ఎండ ఎటు పడింది, ఏది వెలిగింది అన్నది మాత్రం ఏ ప్రింటులోనూ మారలేదు.

గీత గీయాల్సింది అక్కడే. ఎంత వెలుగు, ఎంత చీకటి, ఎంత గాఢమైన రంగు అన్నది చూసినవాడి నిర్ణయం, అందులో స్వేచ్ఛ ఉండాలి. లేని ఎండని తేవడం, వేరే రోజు ఆకాశాన్ని అతికించడం వేరే పని. 2020 నుంచి ఫొటోషాప్‌లో ఆకాశం మార్చే పనిముట్టు ఉంది. దాంతో చేసిన ఫొటోల్లో మబ్బులు ఎర్రగా ఉంటాయి, నేల మీద పడ్డ వెలుతురు మధ్యాహ్నంలా తెల్లగా ఉంటుంది. పిరమిడ్లు కవర్‌లో ఇమడడం కోసం వాటిని దగ్గరికి జరిపిన నేషనల్ జియోగ్రాఫిక్ 1982 ఫిబ్రవరి సంచిక ఇప్పటికీ చర్చకి వస్తూనే ఉంది. ఇప్పుడు వరల్డ్ ప్రెస్ ఫొటో లాంటి పోటీల్లో చివరి దశకి చేరినవాళ్లు రా ఫైల్ చూపించాల్సిందే.

మధ్యలో ఒక పద్ధతి ఉంది, దాని గురించి నిజాయితీగా మాట్లాడుకోవాలి. ట్రైపాడ్ కదలకుండా ఉంచి, పొద్దు పొడవకముందు నీలి వెలుతురులో నేలని ఒక ఫ్రేమ్, ఇరవై నిమిషాల తర్వాత ఆకాశాన్ని ఒక ఫ్రేమ్ తీసి రెంటినీ కలుపుతారు. అదే చోటు, అదే ఉదయం. ఐనా ఫొటోలో కనిపిస్తున్న ఆ క్షణం ఎప్పుడూ జరగలేదు. కళగా దీన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు, కాకపోతే కింద ఒక్క వాక్యంలో రెండు సమయాలు కలిపినట్టు రాయాలి. దాన్ని ఒక్క క్షణంగా చూపిస్తే, ఆ ఫొటో చూసి అదే చోటికి వెళ్లి ఆ వెలుతురు కోసం ఎదురుచూసేవాళ్లకి అది ఎప్పటికీ దొరకదు.

మార్పునే చూపించాలనుకుంటే ఫ్రేములు కలపడం కన్నా విడిగా ఉంచి వరసగా చూపించడం మేలు. పొద్దు పొడిచే నలభై నిమిషాల్లో ఒకే చోటు నుంచి తీసినవాటిలో ఐదో ఆరో ఎంచుకుని, అన్నిటికీ ఒకే వైట్ బ్యాలెన్స్, ఒకే ప్రొఫైల్ (రంగుల తీరును నిర్ణయించే సెట్టింగ్) పెట్టాలి. ఎక్స్‌పోజర్‌ని అన్నిటిలో సమానం చేయకూడదు. మొదటిది చీకటిగా నీలంగా, చివరిది వెలుగుగా తెల్లగా ఉండనివ్వాలి. విడిగా చూస్తే మొదటి ఫ్రేమ్ ఎవరికీ నచ్చకపోవచ్చు. వరసలో అది లేకపోతే తర్వాతి వాటిలోని నారింజకి బలం ఉండదు.

ఇలాంటి చీకటి ఫ్రేముల్ని ప్రింటు వేయించేటప్పుడు ఎక్కువ నిరాశ ఎదురవుతుంది. రాత్రి చీకటి గదిలో, పూర్తి బ్రైట్‌నెస్‌లో ఉన్న ల్యాప్‌టాప్ మీద ఎడిట్ చేసిన ఫొటో ల్యాబ్ నుంచి బొగ్గులా నల్లగా వస్తుంది. తప్పు ల్యాబ్‌ది కాదు. కాగితం దానంతటది వెలగదు, గదిలోని వెలుతురును తిప్పి పంపుతుందంతే. మానిటర్‌ని కాలిబ్రేట్ చేసి, అంటే దాని రంగుల్ని పరికరంతో కొలిచి సరిచేసి, వెలుగును చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంచి పనిచేస్తే తేడా చాలావరకు తగ్గుతుంది. కాలిబ్రేటర్ లేనివాళ్లు స్క్రీన్ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి, మామూలు గది వెలుతురులో రెండూ దాదాపు సమానంగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించుకోవచ్చు. ల్యాబ్‌కి ఫైల్ పంపేటప్పుడు వాళ్లు వేరే చెప్పకపోతే ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రమాణంలో పంపాలి, లేకపోతే ఎరుపులు చప్పగా వస్తాయి. పెద్ద ప్రింటుకి డబ్బు పెట్టేముందు అదే ఫొటోని ఉన్నదున్నట్టు ఒకటి, అర స్టాప్ పెంచి ఒకటి, ఒక స్టాప్ పెంచి ఒకటి చిన్న సైజులో వేయించి, అది తగిలించబోయే గోడ దగ్గరే పెట్టి చూస్తే ఏది తీసుకోవాలో తేలిపోతుంది.